చెక్క పెట్టెకి తాళం బిగించడం: మూత సరిచూడటం నుంచి తాళంచెవి తిరిగేదాకా

తాతగారి కళ్ళజోడు, హాస్టల్ నుంచి రాసిన ఉత్తరాలు, పిల్లల మొదటి గజ్జెలు, పెళ్ళినాటి ఫొటోలు. ఇలాంటివి దాచుకునే చెక్క పెట్టె చాలా ఇళ్ళలో ఉంటుంది కానీ దానికి తాళం ఉండదు. "చిన్న తాళమే కదా, ఇంట్లో మనమే బిగించుకోవచ్చా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. బిగించుకోవచ్చు. ఒక సెలవు రోజు చాలు. మధ్యలో ఫెవికాల్ ఆరాల్సిన పని పడితే మర్నాడు కూడా పడుతుంది.

ఈ తాళం దొంగని ఆపదు. వాడు పెట్టె మొత్తాన్నీ చంకలో పెట్టుకుని పోగలడు. పిల్లల చేతులకీ, వచ్చిపోయే చుట్టాల కుతూహలానికీ మాత్రమే ఇది అడ్డం. అందుకని బలం పేరుతో పెద్ద తాళం తెచ్చి చిన్న పెట్టెని చీల్చకండి. బంగారమైతే బ్యాంకు లాకర్లో పెట్టుకోండి.

## 1. తాళం కొనేముందు మూత చూడండి

తాళం సరిగ్గా పడలేదని చెప్పేవాళ్ళ పెట్టెల్లో చాలావాటికి తాళంలో దోషం ఉండదు. మూత వంకరగా ఉంటుంది, లేదా వెనక బందులు వదులై ఉంటాయి. మూత రోజుకో చోట కూర్చుంటే కొక్కెం బెజ్జంలోకి ఎలా దిగుతుంది?

పెట్టెని వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టండి. ఇంట్లో అంతకన్నా సమంగా ఉండే చోటు దొరకదు. నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ఊగితే అడుగు భాగమో, పెట్టె చట్రమో మెలి తిరిగినట్టు.

తర్వాత కాగితం పరీక్ష. వేలెడు వెడల్పున్న కాగితం ముక్కని పెట్టె అంచు మీద పెట్టి మూత వేసి లాగండి. ముందువైపు మూడు చోట్ల, పక్కల రెండేసి చోట్ల చూడండి. కాగితం ఎక్కడ తేలిగ్గా జారి వస్తే అక్కడ సందు ఉంది. ముందువైపు మధ్యలో, అంటే తాళం వచ్చే చోట, కాగితం గట్టిగా పట్టుకోవాలి.

బందుల స్క్రూలు తిప్పుతున్నా బిగియకపోతే బెజ్జాలు అరిగిపోయినట్టు. కాలిన అగరబత్తి పుల్లలు తీసుకోండి. మసాలా అంటుకున్న భాగం విరిచేసి, ఉత్త వెదురు పుల్లని ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో పట్టినన్ని దూర్చండి. పైకి వచ్చింది కోసేసి, ఒక రోజంతా ఆరనిచ్చి మళ్ళీ స్క్రూ వేయండి. పెద్ద స్క్రూ వేస్తే సరిపోతుందని కొందరు అంటారు. పలచని పలకకి ఆ సలహా పనికిరాదు, పలక చీలుతుంది.

మూత ఒకవైపు కిందికి దిగి ఉంటే ఆ వైపు బందు కింద విజిటింగ్ కార్డు ముక్క పెట్టి బిగించండి. చాలాసార్లు ఆ మాత్రంతోనే సరిపోతుంది.

నీళ్ళలో నానిన పెట్టెల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో చెక్క సామాను రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయింది. అలాంటి పెట్టెని ఎండలో పెట్టకండి. బెజవాడ ఎండకి ఒకవైపు త్వరగా ఆరి పలక విల్లులా వంగుతుంది. నీడలో, మూత తెరిచి, కింద రెండు పుల్లలు పెట్టి గాలి ఆడనివ్వండి. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. బరువు తగ్గడం ఆగితే చెక్క ఆరినట్టు. అప్పటిదాకా తాళం ఆలోచన వద్దు.

## 2. ముందు పలక ఎంత మందం?

ఏ తాళం పనికొస్తుందో తేల్చేది ఈ ఒక్క కొలతే. మూత తెరిచి ముందు పలక అంచు మీద స్కేలు పెట్టండి.

- 6 నుంచి 9 మిల్లీమీటర్లు: పైన బిగించే కొక్కెం పట్టీ, దానికి చిన్న తాళంకప్ప. లోపలికి దిగే తాళం వద్దు.
- 10 లేదా 11: దీనికీ పైన బిగించేదే మంచిది. చేయి తిరిగినవాళ్ళైతే చాలా పలచని బాక్స్ లాక్ (పలకలోకి దిగే తాళం) ప్రయత్నించవచ్చు.
- 12, ఆపైన: లోపలికి దిగే బాక్స్ లాక్ పెట్టుకోవచ్చు. బయటికి తాళంచెవి బెజ్జం ఒక్కటే కనిపిస్తుంది.

చెక్క రకం కూడా చూడాలి. టేకు స్క్రూని బాగా పట్టుకుంటుంది. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి లాంటి మెత్తటి చెక్కలో స్క్రూ నిలవదు, నాలుగుసార్లు లాగితే ఊడి వస్తుంది. అలాంటిదానికి స్క్రూ బదులు 3 మిల్లీమీటర్ల చిన్న బోల్టు వేసి, లోపల వాషరూ నట్టూ పెట్టండి. ఎండీఎఫ్ (చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) పెట్టెకీ ఇదే పద్ధతి.

మూత అంచు పెట్టె మీదికి టోపీలా దిగే రకమైతే మూత, ముందు పలక ఒకే మట్టంలో ఉండవు. ఆ తేడా ఎంతుందో అంత మందం చెక్క బిళ్ళ చేసి ముందు పలకకి ఫెవికాల్‌తో అంటించి, దాని మీద కొక్కెం బిగించాలి.

## 3. షాపులో అడగాల్సింది

విజయవాడ వన్‌టౌన్‌కి వెళ్ళినా, గుంటూరు పట్నం బజారుకి వెళ్ళినా పెట్టెని సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఫోనులో ఫొటో చూపిస్తే మందం తెలియదు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. "చిన్న లాక్ ఇవ్వండి" అంటే కౌంటర్ మీదికి వచ్చేది డ్రాయర్ లాక్. తాళంచెవి తిప్పితే దాని నాలుక నిలువుగా పైకి లేస్తుంది. సొరుగుకి అది సరిపోతుంది, ఎందుకంటే సొరుగుని మనం ముందుకి లాగుతాం. పెట్టె మూతని పైకి ఎత్తుతాం. నాలుకా పైకే, మూతా పైకే. తాళం వేసినా మూత హాయిగా లేచి వచ్చేస్తుంది.

పెట్టెకి కావాల్సినది రెండు ముక్కల తాళం. ఒకటి ముందు పలకలో కూర్చుంటుంది. రెండోది మూతకి బిగించే చిన్న పట్టీ, దానికి కిందికి దిగే ఉంగరం లాంటి కొక్కెం ఉంటుంది. తాళంచెవి తిప్పితే నాలుక అడ్డంగా జరిగి ఆ కొక్కేన్ని పట్టుకుంటుంది. "అన్నా, సొరుగుది కాదు, పెట్టె మూతది. మూతకి బిగించే పట్టీ కూడా ఉండాలి" అని అడగండి. బాక్స్ లాక్ అన్నా, చెస్ట్ లాక్ అన్నా అర్థమవుతుంది.

కౌంటర్ దగ్గరే ఇవి చూసుకోండి:

- రెండు తాళంచెవులూ విడివిడిగా తిప్పి చూశారా?
- మూత పట్టీ ప్యాకెట్‌లో ఉందా? దాన్ని తాళంలోకి దింపి, తాళం వేసి లాగి చూశారా?
- తాళం ఒంటి మందానికీ పలక మందానికీ కనీసం 3 మిల్లీమీటర్ల తేడా ఉందా?
- స్క్రూలు ఇచ్చారా? అవి పలక దాటి బయటికి పొడుచుకు రాకుండా పొట్టిగా ఉన్నాయా?
- ఇత్తడి స్క్రూలైతే అదే సైజు ఇనుప స్క్రూ ఒకటి విడిగా కొన్నారా? ఎందుకో కింద చెప్తాను.

క్యామ్ లాక్ అంటగట్టాలని కూడా చూస్తారు. ఆఫీసు బీరువాల్లో ఉండే గుండ్రటి తాళం అది. చాలావాటికి 19 మిల్లీమీటర్ల బెజ్జం కొట్టాలి. చిన్న పెట్టె ముఖం మీద అంత బెజ్జం నాకు నచ్చదు. పైగా లోపల తిరిగే రేకు పట్టుకోవడానికి మూతకి మళ్ళీ ఒక బ్రాకెట్ కావాలి.

## 4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- డ్రిల్లు, 1.5, 2, 3 మిల్లీమీటర్ల బిట్లు, తాళంచెవి కాడ కన్నా ఒక మిల్లీమీటర్ పెద్ద బిట్ ఒకటి
- 6, 12 మిల్లీమీటర్ల ఉలులు, అప్పుడే నూరినవి
- చిన్న సుత్తి, మూలమట్టం, స్టీలు స్కేలు, మొన సన్నగా చెక్కిన పెన్సిలు, కట్టర్ బ్లేడు
- సన్నని ఆకురాయి
- మాస్కింగ్ టేపు, పనికిరాని చెక్క ముక్క, కాటుక, సబ్బు ముక్క
- క్లాంపు (లేకపోతే పెట్టెని కదలకుండా పట్టుకునే మనిషి)

పెట్టె ఖాళీ చేయండి. లోపల వెల్వెట్ గుడ్డ అంటించి ఉంటే తాళం వచ్చే చోట బ్లేడుతో మూడు వైపులా కోసి మడిచి పైకి టేపు వేయండి. కోసి పారేయొద్దు, చివర్లో మళ్ళీ అంటించాలి.

## 5. స్క్రూకి ముందు సన్న బెజ్జం

నేరుగా స్క్రూ తిప్పితే పలచని పలక బీట ఇస్తుంది. స్క్రూ ముందు బిట్‌ని అడ్డంగా పట్టుకుని చూడండి. స్క్రూ మధ్య కాడ బిట్ వెనక దాక్కోవాలి, మరలు రెండు పక్కలా కనపడాలి. 2.5 మిల్లీమీటర్ల స్క్రూకి టేకులో 2, మెత్తటి చెక్కలో 1.5 బిట్ సరిపోతుంది.

బిట్ ఎంత లోతు దిగాలో అక్కడ టేపు చుట్టండి. టేపు చెక్కని తాకగానే ఆపండి.

ఇత్తడి మెత్తన. గట్టి టేకులోకి తిప్పుతుంటే తల తెగి, మిగతాది లోపలే ఉండిపోతుంది. అందుకని ముందు ఇనుప స్క్రూకి సబ్బు రాసి తిప్పి తీసేయండి. మరలకి దారి పడుతుంది. తర్వాత ఇత్తడిది చేత్తోనే, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా. మెషిన్ వద్దు.

## 6. పైన బిగించే కొక్కెం పట్టీ

1. ముందు పలక మధ్య గీత, మూత మధ్య గీత గీయండి. మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీస్తే పాలిష్ పాడవదు.
2. పట్టీని, కింది కొక్కేన్ని కలిపే, అంటే తాళం వేసినట్టు మూసి, పెట్టె మీద పెట్టండి. విడివిడిగా పెట్టి గుర్తులు వేయొద్దు.
3. మూత వైపు రేకుకి ఒకే ఒక్క స్క్రూ వేయండి.
4. మూత గట్టిగా నొక్కిపట్టి, కింది కొక్కెం ఎక్కడ కూర్చుంటుందో గుర్తు పెట్టండి. దానికీ ఒకటే స్క్రూ.
5. తెరిచి మూసి చూడండి. సరిగ్గా ఉంటే మిగతా స్క్రూలు వేయండి. లేకపోతే ఈ దశలో జరపడం తేలిక.

మూసినప్పుడు స్క్రూ తలలు పట్టీ కింద దాగే మోడల్ దొరికితే అదే తీసుకోండి. బయటికి కనపడే స్క్రూలుంటే, తాళంకప్ప ముట్టుకోకుండా స్క్రూడ్రైవర్‌తో పట్టీనే ఊడదీయొచ్చు. పిల్లలు అది ఒక్క పూటలో కనిపెట్టేస్తారు.

## 7. లోపలికి దిగే బాక్స్ లాక్

ఇక్కడ తొందర పడొద్దు. తాళాన్ని చేతిలో పట్టుకుని చూడండి. వెనక రేకు ఒకటి, దానికి పైన అడ్డంగా వంగిన పట్టీ ఒకటి, రేకు మీద డబ్బీలా ఉబ్బెత్తుగా తాళం ఒళ్ళు. అంటే మూడు గాళ్ళు తీయాలి. ఒంటికి లోతు గాడి, వెనక రేకుకి రేకు మందం గాడి, పై పట్టీకి పలక అంచు మీద మరో పలచని గాడి.

అ. తాళంచెవి బెజ్జం. తాళంలో చిన్న పిన్ను ఉంటుంది, తాళంచెవి దాని మీదే కూర్చుంటుంది. పై పట్టీ పై ముఖం నుంచి పిన్ను మధ్యకి ఎంత దూరమో కొలవండి. అంతే దూరం ముందు పలక అంచు నుంచి కిందికి, బయటి ముఖం మీద, మధ్య గీత (6లో చెప్పినట్టు టేపు అంటించి గీసినది) మీద గుర్తు పెట్టండి. మళ్ళీ ఇంకోసారి కొలవండి. ఇక్కడ మిల్లీమీటర్ తప్పినా తాళంచెవి పిన్నుకి తగలదు.

పలక లోపలి వైపు పనికిరాని చెక్క ముక్కని ఆనించి క్లాంపు బిగించండి. ముందు 2 మిల్లీమీటర్ల బిట్‌తో బయటి నుంచి నేరుగా బెజ్జం వేసి, తర్వాత పెద్దది చేయండి. దాని కింద ఇంకో చిన్న బెజ్జం వేసి, రెంటినీ ఆకురాయితో కలపండి. తాళంచెవి తగలకుండా దూరాలి, అంతే. ఎక్కువ రాయొద్దు.

ఆ. ఒంటి గాడి. లోపలి వైపు తాళాన్ని పెట్టి, పిన్ను బెజ్జానికి మధ్యలో ఉందని బయటి నుంచి చూసుకుని, ఒంటి చుట్టూ కట్టర్ బ్లేడుతో గీయండి. పెన్సిలు గీత కన్నా బ్లేడు గీత నయం, ఉలి మొన దానిలోనే కూర్చుంటుంది.

లోతు: తాళం మొత్తం మందంలోంచి వెనక రేకు మందం తీసేయగా మిగిలినది. ఆ లోతుకి టేపు చుట్టిన బిట్‌తో గాడి లోపల దగ్గరదగ్గరగా బెజ్జాలు వేసి, మిగిలిన చెక్కని ఉలితో తీయండి. చారలకి అడ్డంగా ముందు కొట్టండి, చారల వెంట తర్వాత. వరస తిరగేస్తే బీట గాడి దాటి పరిగెత్తుతుంది. పెట్టె లోపల సుత్తి ఆడటానికి చోటుండదు. ఉలి నూరి ఉంటే అరచేత్తో నెట్టినా పని జరుగుతుంది. కొట్టాల్సి వస్తే బయటివైపు పలకకి చెక్క ముక్క ఆనించే కొట్టండి.

ఇ. పలచని గాళ్ళు. ఒళ్ళు గాడిలోకి దిగాక, వెనక రేకు చుట్టూ, పై పట్టీ చుట్టూ బ్లేడుతో గీసి రేకు మందం మేర తీయండి. పై పట్టీ పలక అంచుతో సమంగా ఉండాలి. పైకి ఉంటే మూత పడదు. వెంట్రుకంత కిందికి ఉన్నా పర్వాలేదు.

ఈ. తాళం బిగించి చూడటం. రెండు స్క్రూలే వేసి తాళంచెవి తిప్పండి. చేతిలో తిరిగినంత సులువుగా పెట్టెలోనూ తిరగాలి. బిగుతుగా ఉంటే గాడి అడుగున చెక్క పొట్టు ఉందేమో, నాలుక జరిగే చోట చెక్క తగులుతోందేమో చూడండి.

ఉ. మూత పట్టీ. నేను మధ్య గీతని నమ్మను, కొలతనీ నమ్మను. పట్టీని తాళంలోకి దింపి తాళం వేసేయండి. ఇప్పుడు పట్టీ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంటుంది. దాని పై ముఖానికి పలచగా కాటుక రాసి, మూత మెల్లగా వేసి నొక్కి తెరవండి. మూత మీద నల్లటి అచ్చు పడుతుంది. కొన్ని పట్టీలకి పైన చిన్న ముళ్ళుంటాయి, వాటికి కాటుక అక్కర్లేదు, నొక్కితే గుచ్చుకుని గుర్తు పడుతుంది.

ఆ అచ్చు చుట్టూ గీసి పట్టీ మందం గాడి తీయండి. ఒకే స్క్రూతో బిగించి, మూత వేసి తాళం తిప్పండి. ముందు పలక మీది టేపు తీసి, తాళంచెవి బెజ్జం చుట్టూ ఇత్తడి బిళ్ళ పెడితే ఆకురాయి గీతలు కనపడవు. ఇవన్నీ అయ్యాకే మిగతా స్క్రూలు.

## 8. తేడా వస్తే

తాళం పడుతుంది, కానీ మూత టకటక ఆడుతుంది. కొక్కెం ఎక్కువ కిందికి దిగుతోంది. మూత పట్టీ గాడి ఇంకాస్త లోతు చేస్తే కొక్కెం పైకి వెళ్ళి బిగుస్తుంది. ఒక కాగితం మందం చొప్పున తీస్తూ చూడండి.

మూత గట్టిగా నొక్కితేనే తాళం పడుతుంది. దీనికి తిరగేసి చేయాలి. పట్టీ కింద కార్డు ముక్క పెట్టి కిందికి తేవాలి. ముందు మాత్రం ఏదైనా పొట్టు అడ్డం పడిందేమో చూడండి.

స్క్రూ మొన బయటికి వచ్చింది. స్క్రూ తీసి ఆకురాయితో మొన అరగదీసి మళ్ళీ వేయండి. బయటి బెజ్జాన్ని ఆ చెక్క పొట్టే ఫెవికాల్‌తో కలిపి పూడ్చండి. పొట్టు పారేయకుండా ఒక కాగితంలో దాచమని అందుకే చెప్తాను. షాపు పుట్టీ రంగు కలవదు.

పలక బీట ఇచ్చింది. స్క్రూ వెంటనే తీసేయండి. బీట లోపలికి పలచన చేసిన ఫెవికాల్ పోసి, క్లాంపుతో నొక్కి, ఒక రోజు వదిలేయండి. తర్వాత అదే చోట కాస్త పెద్ద బెజ్జం వేసి స్క్రూ వేయండి.

బెజ్జం పక్కకి పోయింది. అదే చెక్క గుండ్రటి పుల్లని ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఆరాక కోసి, కొత్త బెజ్జం వేయండి. పాత బెజ్జాన్ని ఆకురాయితో పక్కకి లాగుతూ పోతే ఇత్తడి బిళ్ళ కూడా దాన్ని కప్పలేదు.

## 9. పాత పెట్టె, పోయిన తాళంచెవి

ముత్తవ్వల నాటి పెట్టెకి అప్పటికే తాళం ఉండి, చెవి పోతే కొత్త తాళం కోసం గాళ్ళు తీయొద్దు. మూత తెరిచే ఉంటే తాళాన్ని స్క్రూలు విప్పి బయటికి తీసి, తాళంచెవులు చేసేవాళ్ళ దగ్గరికి అది మాత్రమే పట్టుకెళ్ళండి. ఒళ్ళు విప్పి లోపలి ఆకులు (చెవి తిరిగితే కదిలే పలచని రేకులు) చూస్తే చెవి చేయడం వాళ్ళకి తేలిక. పెట్టె తీసుకెళ్తే బెజ్జంలో తీగ పెట్టి గెలుకుతారు, పాలిష్ గీసుకుపోతుంది.

పాత ఇత్తడి రేకు నల్లబడి ఉంటే చింతపండుతో తోమొచ్చు, కానీ పెట్టె నుంచి విప్పాకే. పులుసు చెక్కకి తగిలితే మచ్చ పడుతుంది. తోమాక బాగా కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి.

## 10. బిగించాక

తాళంలో కొబ్బరినూనె పోయకండి. మొదట్లో జారుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. పెన్సిలు ములికి గీరి ఆ నల్లపొడి తాళంచెవికి రాసి నాలుగుసార్లు తిప్పితే చాలు.

తుపాను పట్టి నాలుగు రోజులు ముసురేస్తే చెక్క ఉబ్బుతుంది. అప్పుడు తాళం బిగుసుకుపోతే ఉలి తీయకండి. మళ్ళీ పొడి రోజులు వచ్చేదాకా ఆగండి. ఉబ్బినప్పుడు తీసిన గాడి వేసవిలో వదులవుతుంది.

తాళంచెవి మీద నంబరు ఉంటే రాసి పెట్టుకోండి. రెండో చెవిని పెట్టెలోనే దాచేవాళ్ళు ఉన్నారు, నవ్వకండి, చాలామందే ఉన్నారు. బీరువాలో పెట్టి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.